రెస్పిరేటరీ ఫెయిల్యూర్: ఒక తీసివేత మరిచి మార్కులు పోగొట్టుకున్నాను

పీజీ మెడికల్ ఎంట్రన్స్ మొదటి అటెంప్ట్‌లో, రెస్పిరేటరీ ఫెయిల్యూర్ (శ్వాస వ్యవస్థ తన పని చేయలేకపోవడం) అనే ఈ టాపిక్‌కి నా నోట్స్ రెండే లైన్లు. రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 mmHg కంటే తగ్గితే టైప్ 1, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే టైప్ 2. ఇంతేగా అనుకున్నా.

ఒక గ్రాండ్ టెస్ట్‌లో (మోడల్ పరీక్షలో) ఒక కేసు ప్రశ్నకి దొరికిపోయాను. నేల మీద పడుకున్న రైతు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. కనురెప్పలు వాలిపోతున్నాయి, కాటు గుర్తు లేదు. ఏబీజీలో (ధమని రక్తంలో వాయువులు కొలిచే పరీక్షలో) ఆక్సిజన్ 45, కార్బన్ డయాక్సైడ్ 80. కట్లపాము అని వెంటనే తట్టింది, మన పల్లెల్లో వినని కేసు కాదుగా. కానీ ఆ 45 చూసి కంగారుపడి, లోపం ఊపిరితిత్తుల్లోనే అని పెట్టేశా. రావాల్సిన నాలుగు మార్కులు రాలేదు, ఉన్నదాంట్లో ఒకటి పోయింది.

ఇంటికొచ్చి లెక్క వేశా. మామూలు గాలి పీల్చేవారికి, కార్బన్ డయాక్సైడ్‌ని 0.8తో భాగించి 150లోంచి తీసేస్తే ఆల్వియోలైలో (ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి గదుల్లో) ఉండే ఆక్సిజన్ వస్తుంది. 150లోంచి 100 పోతే 50. రక్తంలో 45. తేడా ఐదే! ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, గాలి ఆడించే కండరాలే చచ్చుబడ్డాయి. టైప్ 2లోనూ ఆక్సిజన్ పడిపోతుందన్నది నేను మరిచిన ముక్క.

ఇక కారణాలు బట్టీ పట్టడం మానేశా. తేడా మామూలుగా ఉంటే మెదడు, నరాలు, కండరాలు చూడాలి: ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి మందు) ఓవర్‌డోస్, గులియన్ బారీ (నరాల జబ్బు), మయస్థీనియా (కండరాలు నీరసించే జబ్బు), పురుగుమందు తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో కండరాలు బలహీనపడి వచ్చే ఇంటర్మీడియట్ సిండ్రోమ్. తేడా పెరిగితే న్యుమోనియా, ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని నీరు చేరడం), పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం). నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చినా రక్తంలో ఆక్సిజన్ పెద్దగా లేవకపోతే షంట్, అంటే రక్తం గాలి తగలకుండానే దాటిపోతోందని. టైప్ 3 ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తి ముడుచుకుపోయి వచ్చేది, టైప్ 4 షాక్‌లో. వీటికి పది నిమిషాలు చాలు.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లు ఒకటి చేయండి. పురుగుమందు కేసులో రోగిని దిండు మీంచి తల ఎత్తమనండి, ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనండి. ఇరవై దాటలేకపోతే పీజీ డాక్టర్‌ని పిలవండి. ఆక్సిజన్ మాస్క్ పెట్టాక మానిటర్ మీద ఆక్సిజన్ శాతం (సాచురేషన్) 98 కనిపిస్తుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూనే ఉంటుంది. ఆ 98ని నమ్మి నేనూ ఒక రాత్రి నిశ్చింతగా టీకి వెళ్లాను.

నన్ను ఇప్పటికీ తికమకపెట్టేది సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు). అక్కడ కార్బన్ డయాక్సైడూ పెరుగుతుంది, తేడా కూడా పెరుగుతుంది. ఆక్సిజన్ సాచురేషన్ టార్గెట్ మాత్రం 88 నుంచి 92 శాతం. ఆప్షన్లలో 98 కనిపిస్తే చెయ్యి అటు పోనివ్వకండి.