వైజాగ్‌లో ఒక్కరోజే ఉంటే, చరిత్ర ఇష్టమున్నవాళ్ళకి
వైజాగ్ వస్తున్నాం, బీచ్ కాకుండా ఏం చూడాలి అని అడిగితే నేను ముందు చెప్పేది తొట్లకొండే. పొద్దున్నే ఎండ ముదరకముందే భీమిలి రోడ్డులో వెళ్ళిపోండి. 1976లో నేవీ వాళ్ళు ఏరియల్ సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం ఇది, తర్వాత తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి, అంటే ఈ తీరానికీ రోముకీ అప్పట్లోనే వ్యాపారం ఉందన్నమాట! భిక్షువుల గదుల పునాదులు, నీళ్ళకోసం రాతిలో తొలిచిన తొట్లు, ఎదురుగా సముద్రం... తొందరపడకుండా కనీసం గంటైనా ఉండండి.

అక్కణ్ణుంచి అదే రోడ్డులో ముందుకెళ్తే భీమిలి, డచ్ వాళ్ళ పాత సమాధులు చూసి వెనక్కొచ్చెయ్యొచ్చు. మధ్యాహ్నం సింహాచలం. దర్శనం అయ్యాక హడావుడిగా లడ్డూ కౌంటర్‌కి పోకుండా గోడల మీద శాసనాలు చూడండి, కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రప్పుడు వచ్చి వేయించినవి కూడా ఉన్నాయి.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, 1971 యుద్ధంలో పనిచేసింది, లోపలికెళ్ళి చూస్తేనే ఆ ఇరుకులో నావికులు ఎలా బతికారో తెలుస్తుంది. సోమవారం మాత్రం పెట్టుకోకండి, మూసేస్తారు.