రెండు ముక్కలకు 18,000 బిల్లు, వసూలుకు 4 నెలల 11 రోజులు

నిన్న మధ్యాహ్నం కుక్కర్ మూడో కూతకు ఫోన్ మోగింది. ఖాతాలో 16,200 పడ్డాయి. కాపీరైటర్‌గా, అంటే ప్రకటనలకు మాటలు రాసే మనిషిగా, నా మొదటి సంపాదన. బిల్లు పెట్టింది జులై 7న, డబ్బు వచ్చింది నవంబర్ 18న. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నాకు ఈ రంగంలో అనుభవం సున్నా. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు తెలుగు చెప్పాను. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో నిజాంపేట వచ్చాం, పాప పుట్టింది, ఉద్యోగం పోయింది. ప్రకటనలు రాసేవాళ్లకు బయట పని దొరుకుతుందని మా తమ్ముడు చెబితే మొదలుపెట్టాను.

మొదలుపెట్టడం తేలికే. పాత ల్యాప్‌టాప్, నెట్ ఉంటే చాలు. నమూనాలు అడుగుతారు, మన దగ్గర ఉండవు. మా వీధిలో ఇడ్లీ బండికి, జాకెట్లు కుట్టే అక్కకు, ట్యూషన్ సెంటర్‌కు ఎవరూ అడక్కుండానే ప్రకటనలు రాసి, ఫోటోలు తీసి ఒక పీడీఎఫ్ చేశాను. ముప్పై చోట్లకు పంపితే ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు ఉచితంగా పది రాసి చూపించమన్నారు. వద్దన్నాను. ఈ ఒక్క విషయంలో నా బుర్ర మొదటిరోజే పనిచేసింది. రెండో వాళ్లు పంజాగుట్ట దగ్గరి ప్రకటనల ఏజెన్సీ. పేరు చెప్పను.

పని ఆషాఢం చీరల సేల్‌ది. ఆరు కరపత్రాలు, పన్నెండు ఎస్ఎంఎస్‌లు. వాళ్లిచ్చిన కాగితంలో మొదటి వాక్యం ‘మీ కలల చీరను అన్‌లాక్ చేయండి’. చీరకు తాళం ఎవరు వేశారో నాకు అర్థం కాలేదు. ఆషాఢంలో కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లో ఉంటారు కదా, అక్కడ పట్టుకున్నాను: ‘ఆషాఢానికి పుట్టింటికొచ్చావా? అమ్మను తీసుకుని రా! పట్టు సగం ధరకే’.

ఏజెన్సీ అబ్బాయికి నచ్చింది. చిక్కల్లా ఎస్ఎంఎస్‌లో వచ్చింది. ఇంగ్లిష్ మెసేజ్‌కు 160 అక్షరాలు ఇస్తారు, తెలుగుకు 70 మాత్రమే. దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు. పైగా గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా లెక్క. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, ఫోనుకు ఆరు. నా వాక్యం 63 వచ్చింది, మిగిలిన ఏడులో షాపు పేరు పట్టదు. ‘అమ్మను తీసుకుని రా’ కొట్టేసి ‘అమ్మతో రా’ చేశాను. 54కి దిగింది, షాపు పేరు పట్టింది, వాక్యం కూడా బాగుపడింది. తర్వాత కూకట్‌పల్లిలో ఆ షాపుకి ఊరికే వెళ్లి నిలబడితే, చీరలు పరిచే అమ్మాయి ఒకావిడతో ‘అమ్మతో రావాల్సిందండీ’ అంటోంది. ఆ రోజు నేను కొనదలుచుకోని చీర కూడా ఒకటి కొన్నాను.

ఇంకో మాట. తెలుగులో రాసేవాళ్లు యూనికోడ్‌లో, అంటే ఫోన్లో టైపు చేసే మామూలు తెలుగులో, పంపి ఊరుకోవద్దు. ప్రెస్ వాళ్లు చాలామంది ‘అను’ అనే పాత తరహా ఫాంట్లు వాడతారు, మనది అక్కడ డబ్బాలు డబ్బాలుగా కనిపించొచ్చు. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫ్ అడిగి తెప్పించుకోండి. నా ‘పట్టు’కు ఒత్తు ఊడిపోయి ‘పటు’ అయింది. చూశాను కాబట్టి సరిపోయింది.

ఇక బిల్లు.

వాట్సాప్‌లో ‘18,000 అయింది సార్’ అని పెట్టాను. నెలాఖరు దాకా ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే అకౌంట్స్‌కి రమ్మన్నారు. పాపను పక్కింటి పిన్నిగారి దగ్గర వదిలి మెట్రోలో వెళ్లాను. అకౌంటెంట్ గారు కళ్లజోడు పైనుంచి చూసి, “ఇది బిల్లు కాదమ్మా, మెసేజు” అన్నారు. నిజమే, తప్పు నాదే. నంబరు, తేదీ, పాన్, బ్యాంకు వివరాలు వేసి సంతకంతో పీడీఎఫ్ పంపాను.

రెండోసారి, “జీఎస్టీ నంబరు లేందే మా సిస్టమ్ తీసుకోదు.” ఒక సీఏ దగ్గర పనిచేసే మా అన్నయ్యను అడిగితే నవ్వాడు. ఏడాదికి 20 లక్షల లోపు సేవలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదట. అదే రాసి పంపాను. మూడోసారి క్యాన్సిల్డ్ చెక్కు. నాలుగోసారి ఎండీ గారి సంతకం, ఆయన ఊళ్లో లేరు.

ఆ నాలుగోసారి నీళ్ల క్యాన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో గంటన్నర కూర్చున్నాను. టీ కుర్రాడు వచ్చి, “టెలికాలర్ ఇంటర్వ్యూ పై అంతస్తులో మేడమ్” అన్నాడు. నా వాక్యం చూసి ‘సూపర్ మేడమ్’ అన్న అబ్బాయి అటుగా వచ్చి, నన్ను చూసి, ఫోన్ చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఫోన్ మోగలేదు, నాకు తెలుసు. అకౌంటెంట్ గారు నా ఖాతా నంబరు ఇంకోసారి అడిగి, చేతికందిన కాగితం వెనక రాసుకున్నారు. అది నా కరపత్రమే. “రెండు ముక్కలకు పద్దెనిమిది వేలా అమ్మా?” అని కూడా అన్నారు. ఆరేళ్లు వెనక బెంచీల పిల్లలకు జవాబు చెప్పినదాన్ని, ఆ మాటకు నోరు పెగల్లేదు. మెట్రో దిగేదాకా జవాబులు వస్తూనే ఉన్నాయి.

తెలుగంటే అందరికీ ఉచితంగా వచ్చే వస్తువు. ఫ్లెక్సీ కొట్టినవాడికి చదరపు అడుగు లెక్కన ఇస్తారు, మేకులు కొట్టినవాడికి కూలీ ఇస్తారు. దానిమీది మాట మాత్రం గాల్లోంచి రాలిందనుకుంటారు.

ఇంటికొచ్చి అన్నయ్య చెప్పినట్టు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు సర్కారు ఇచ్చే నమోదు, చేశాను. ఆధార్, పాన్ ఉంటే పైసా ఖర్చు లేదు. నేను మొదట తెరిచిన సైటు ఏదో 1,999 అడిగింది, అది సర్కారుది కాదు. అడ్రసు చివర జీవోవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని చట్టం. ఆ గడువు దాటించి మార్చి 31కి కూడా ఇవ్వకపోతే, ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్నులో చూపించుకోనివ్వరు. ఇదంతా మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి, ఎండీ గారికి కూడా కాపీ పెట్టాను. నిజం చెప్పాలంటే నా ఉద్యమ్ నంబరు పని అయ్యాక తీసుకున్నది, వాదనకు నిలబడేది కాదు. వాళ్లు అంత లోతుకు వెళ్లలేదు. తొమ్మిదో రోజున డబ్బు పడింది.

1,800 టీడీఎస్ కోశారు, అంటే డబ్బు ఇచ్చేముందే పట్టుకునే ఆదాయపు పన్ను. ఏడాదికి 50,000 దాటితేనే కోయాలి కదా అంటే, “మేం అందరికీ కోస్తాం” అన్నారు. ఇప్పుడు నా పేరిట కోసిన పన్ను చూపించే పట్టీ, ఫారం 26ఏఎస్‌లో అది కనిపిస్తుందా లేదా అని చూస్తూ ఉండాలి, రిటర్ను వేస్తేగానీ తిరిగి రాదు.

ఇప్పుడు నేను పని మొదలెట్టేముందు సగం తీసుకుంటున్నా. అడిగేటప్పుడు గొంతు ఇంకా వణుకుతుంది, అందుకే ఫోన్ చేయను, రాసి పంపుతా.

ఈ ఉదయం అకౌంటెంట్ గారి నుంచి వాట్సాప్ వచ్చింది. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ అట. “కార్డు మీదికి మంచి మాటలు రెండు రాసి పెట్టమ్మా, నీకు ఐదు నిమిషాల పని.”

1,500 అవుతుందని, 750 ముందు పంపమని రాశాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.