అద్దె తప్పుతుందని పడవ కొనకండి

లండన్ అద్దెలు చూసి కళ్ళు తిరిగిన వాళ్ళెవరో ఒకరు తరచూ నాకు మెసేజ్ పెడుతుంటారు. "అక్కా, మీరు నారోబోట్‌లో ఉంటున్నారట కదా, అద్దె లేదు, కౌన్సిల్ టాక్స్ (ఇంటిపన్ను) లేదు, మేమూ ఒకటి కొనేద్దామా?" అని. నారోబోట్ అంటే కాలువల మీద తిరిగే సన్నటి, పొడవాటి పడవ. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పడవంటే ఇష్టమైతే కొనండి. అద్దె మిగులుతుందని మాత్రం కొనకండి. ఆ మిగిలేదంతా పడవే తినేస్తుంది. డబ్బుగా తినకపోతే మీ శని, ఆదివారాలు తింటుంది.

మాది 57 అడుగుల పొడవు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు ఉన్న ఉక్కు పడవ. ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని పాత కాలువల మీద లాకులు (నీటి మట్టం మారే చోట పడవని పైకీ కిందికీ చేర్చే గేట్ల తొట్లు) సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టారు, అందుకని పడవ అంతకు మించడానికి లేదు. లోపల మంచం వేశాక మనిషి పక్కకి తిరిగి నడవాలి. నా పెళ్ళి చీరలన్నీ ఇప్పటికీ ఊళ్ళో అమ్మ బీరువాలోనే ఉన్నాయి. మాది పశ్చిమ గోదావరి. విజ్జేశ్వరం లాకులు, కాలువ గట్లు చూస్తూ పెరిగినదాన్ని. మా తాతగారి రోజుల్లో ధాన్యం పడవలని గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగేవాళ్ళట. ఇక్కడ ఆ పని గుర్రాలు చేసేవి. ఆ గుర్రాలు నడిచిన దారిలోనే ఇప్పుడు జనం కుక్కల్ని తిప్పుతుంటారు. కాలువ కొత్త కాదు కాబట్టి పడవ కూడా అలవాటైపోతుందిలే అనుకుంటారు మా వాళ్ళు. నడపడం నిజంగానే నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. చుక్కాని ఎటు తోస్తే పడవ దానికి ఎదురు తిరుగుతుంది, బ్రేకులు ఉండవు, వెనక్కి నడిపేటప్పుడు చుక్కాని మాట వినదు. అంతే. కష్టమంతా మిగతాది.

ముందు డబ్బు సంగతి. పడవకి మామూలు ఇంటి లోన్ ఇవ్వరు. సెకండ్ హ్యాండ్ పడవైతే సర్వే చేయించకుండా ఒక్క పౌండు కూడా కదపకండి. పడవని నీళ్ళలోంచి పైకి తీసి, అల్ట్రాసౌండ్ మీటరుతో రేకు మందం కొలుస్తారు. కొత్తగా కట్టినప్పుడు అడుగు రేకు 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైకప్పు 4 ఉండటం మామూలు. తుప్పు తిని ఎక్కడైనా 4 కంటే తగ్గితే చాలా బీమా కంపెనీలు ముఖం తిప్పుకుంటాయి. పైన కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయించాలంటే వేలల్లో మాట. మేం మొదట చూసిన పడవ ఫోటోల్లో పెళ్ళికూతురిలా ఉంది. వంటింట్లో కొత్త టైల్స్, కిటికీలకి లేసు తెరలు. పైకి తీసి చూస్తే వెనక భాగంలో రేకంతా గుంటలు గుంటలుగా తినేసింది. అమ్మిపెట్టే ఆయన మాత్రం తొణక్కుండా, "ఆ వయసు పడవకి అది సహజమే" అన్నాడు. సర్వే ఫీజు పోయినా ఆ రోజు మాకు చాలా మిగిలింది.

లైసెన్స్ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ ఇస్తుంది. 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ స్థానంలో వచ్చిన సంస్థ ఇది. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ళ జలమార్గాలు దీని కిందే ఉన్నాయి. మా అంత పొడవు పడవకి లైసెన్స్ ఏడాదికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. బీమా, నాలుగేళ్ళకోసారి చేయించే బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ లేకపోతే అదీ రాదు.

ఇక "అద్దె లేదు" అన్న మాట. పడవ కట్టుకోవడానికి సొంతంగా ఒక చోటు కావాలంటే దానికి అద్దె కట్టాలి. లండన్‌లో అలాంటి చోటు దొరకడమే గగనం. మెరీనాల్లో, అంటే పడవలు నిలుపుకునే రేవుల్లో కూడా, చాలావాటిలో పడవ ఉంచుకోనిస్తారు గానీ కాపురం ఉండనివ్వరు. సొంత చోటు లేకపోతే 1995 నాటి చట్టం ప్రకారం ఎక్కడా 14 రోజులకు మించి ఆగకుండా కదులుతూ ఉండాలి. పక్క వంతెన దాకా వెళ్ళి వెనక్కి రావడం కదలడం కిందకి రాదు. ఏడాది మొత్తం మీద 15–20 మైళ్ళ పరిధి కూడా దాటని వాళ్ళకి ఇబ్బంది తప్పదని ట్రస్ట్ ముందే చెబుతుంది. పైగా ఇలా తిరిగే పడవల మీద 2024 ఏప్రిల్ నుంచి అదనపు రుసుము కూడా మొదలుపెట్టారు. పిల్లల బడి ఒకచోట, ఆఫీసు ఇంకోచోట, పడవ రెండు వారాలకోసారి మరోచోట అంటే ఎంత టెన్షనో ఊహించుకోండి. వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో తలనొప్పి. బ్యాంకుకీ, డాక్టరుకీ, స్పాన్సర్ చేసే కంపెనీకీ అందరికీ చిరునామా కావాలి. "ఫలానా వంతెన దగ్గర మర్రిచెట్టు పక్కన" అంటే కుదరదు కదా, మర్రిచెట్లు కూడా ఉండవనుకోండి. మేం చలికాలం మెరీనాలో కరెంటు ప్లగ్ ఉన్నచోట ఉండి, ఏప్రిల్ నుంచి తిరుగుతాం. ఈ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చుతో చిన్న ఊళ్ళో హాయిగా ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకోవచ్చు.

మా పెద్దత్తయ్య ఒక్కరే ఫోన్‌లో సూటిగా అడిగారు: "మరి దొడ్డికెలా వెళ్తారే?" అసలు అడగాల్సిన ప్రశ్న అదే. మాది క్యాసెట్ టాయిలెట్. కింద ఒక ప్లాస్టిక్ పెట్టె, 20 లీటర్ల లోపే పడుతుంది. ఇద్దరికి రెండు మూడు రోజుల్లో నిండుతుంది. మనం నీళ్ళు వాడే మనుషులం, చెంబు కాస్త ధారాళంగా వంచామా, ఇంకా ముందే ఎర్ర లైటు వెలుగుతుంది. నిండిన పెట్టెని లాక్కుంటూ ఎల్సాన్ పాయింట్ అనే చోటికి వెళ్ళి, ఒంపి, కడిగి, మందు పోసి తెచ్చుకోవాలి. ఆ చోటు అరమైలు దూరంలో ఉండొచ్చు, రెండు రోజుల ప్రయాణం దూరంలో ఉండొచ్చు, తీరా వెళితే "పనిచేయడం లేదు" అని కాగితం అంటించి ఉండొచ్చు. అందుకే మేం ఖాళీ పెట్టెలు అదనంగా కొని పెట్టుకున్నాం. కంపోస్ట్ టాయిలెట్లు ఇప్పుడు బాగా ఫ్యాషన్ అయ్యాయి గానీ, అవి పొడిగా ఉంటేనే పనిచేస్తాయి. చెంబు అలవాటున్న ఇంటికి అవి పనికిరావు. పైగా ఆ సంచుల్ని కాలువ గట్టు మీది చెత్తడబ్బాల్లో వేయనివ్వడం ట్రస్ట్ ఆపేసింది. చుట్టాలు వస్తామంటే నేను మొదట లెక్కేసేది పరుపులు కాదు, పెట్టెలు.

నీళ్ళ సంగతీ అంతే. గట్టు మీద అక్కడక్కడా కుళాయిలుంటాయి, తాళం చెవీ గొట్టమూ మనవి. ధార సన్నగా ఉంటే ట్యాంకు నిండేసరికి గంటా రెండు గంటలు. ఈలోపు వెనక ఇంకో పడవ వచ్చి ఆగుతుంది, అందులోని వాళ్ళు చాలా మర్యాదగా మన గొట్టం వంకే చూస్తూ నిలబడతారు.

కరెంటు బ్యాటరీల నుంచి వస్తుంది. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీల్ని సగం కంటే దించకూడదు, దించితే ఆయుష్షు పోతుంది. అంటే మీరు డబ్బు పెట్టిన దాంట్లో సగమే వాడుకోవాలి. పైకప్పు మీది సోలార్ పలకలు జూన్‌లో మహారాజుల్లా పనిచేస్తాయి, డిసెంబర్‌లో ఫోన్లు ఛార్జ్ చేసుకున్నా గొప్పే. అప్పుడు ఇంజిన్ నడిపి ఛార్జ్ చేసుకోవాలి, అదీ పొద్దున 8 నుంచి రాత్రి 8 లోపే. ఇంజిన్ వేడితోనే స్నానానికి నీళ్ళు కూడా కాగుతాయి. ఆ వేణ్ణీళ్ళ ట్యాంకు ఉన్న అల్మారాయే మా పడవ మొత్తం మీద నాకు నచ్చిన చోటు. ఇడ్లీ పిండి రాత్రి అందులో పెడితే జనవరిలో కూడా పొంగుతుంది. మిక్సీ మాత్రం ఇంజిన్ నడుస్తున్నప్పుడే వేస్తాను. కొబ్బరి పచ్చడి కావాలంటే ముందు మా ఆయన ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

గ్యాస్ కొంటే ప్రొపేన్ కొనండి. బ్యూటేన్ గడ్డకట్టే చలిలో ఆవిరి కాదు, పొయ్యి మీద కాఫీ నీళ్ళు ఉండగానే మంట చచ్చిపోతుంది. చలికి బొగ్గు పొయ్యి ఉంది. పొగ తక్కువ వచ్చే బొగ్గు బస్తాలు అమ్ముకుంటూ పడవలే మన దగ్గరికి వస్తాయి, అది మంచి సౌకర్యం. రోజూ బూడిద ఎత్తాలి, పొగగొట్టం దులపాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 నుంచి తప్పనిసరి. అది తాలింపుకి మోగదు. తాలింపుకి మోగేది పొగ అలారం, ఎండుమిర్చి వేసిన ప్రతిసారీ. రెండింటి మోత వేరేగా ఉంటుంది, ఆ తేడా మొదటి రోజే నేర్చుకోవాలి. అన్నం వండినా, తడి తువ్వాలు ఆరేసినా, ఇద్దరు మనుషులు నిద్రపోయినా కిటికీల మీద నీళ్ళు కారతాయి. పరుపు కింద బూజు పట్టకుండా వారానికోసారి ఎత్తి నిలబెడతాం.

ప్రయాణం సంగతి. గంటకి 4 మైళ్ళ వేగ పరిమితి. కట్టి ఉన్న పడవల పక్క నుంచి అంతకంటే నెమ్మదిగా వెళ్ళాలి, లేకపోతే వాళ్ళ గూటాలు ఊడొస్తాయి, కిటికీలోంచి తిట్లూ వస్తాయి. మైళ్ళూ లాకులూ కూడి మూడుతో భాగిస్తే ఎన్ని గంటలు పడుతుందో తేలుతుంది. 12 మైళ్ళు, 9 లాకులు ఉంటే 7 గంటలన్నమాట. ఇక్కడ చాలా పడవల్లో మగవాళ్ళు చుక్కాని పట్టుకుని నిలబడితే ఆడవాళ్ళు పరుగెత్తి లాకు గేట్లు తోస్తుంటారు. నాకిది ఎప్పటికీ అర్థం కాలేదు, బరువు పని అదే కదా! మా పడవలో సరంగుని నేను, గేట్లు మా ఆయనవి. వార్విక్ దగ్గర హ్యాటన్‌లో వరుసగా 21 లాకులు. అది ఎక్కిన రాత్రి మా ఆయన భుజాలకి జండూబామ్ సగం సీసా.

లాకులో దిగేటప్పుడు భయపడాల్సింది ఒక్కటే, సిల్. వెనక గేటు అడుగున ఉండే గట్టు అది. నీరు దిగేకొద్దీ బయటపడుతుంది. పడవ వెనక భాగం దాని మీద కూర్చుందంటే, నీటితోపాటు ముక్కు ఒక్కటే కిందికి దిగిపోతుంది. నిమిషాల్లో మునిగిన పడవలున్నాయి. గోడ మీద తెల్ల గీత ఉంటుంది, పడవ మొత్తం ఆ గీతకి ముందే ఉండాలి. కేక వినపడగానే పైనున్న మనిషి నీరు వదిలే తలుపులు దించేయాలి. అందుకే లాకు దగ్గర ఫోన్ మాట్లాడటం మా ఇద్దరికీ నిషేధం.

ఇక ప్రొపెల్లర్. సౌత్‌హాల్ దాటుతుండగా ఒకసారి పడవ బరువెక్కింది. ఇంజిన్ మూలుగుతోంది, నల్ల పొగ వస్తోంది, ముందుకి మాత్రం కదలదు. గట్టుకి కట్టేసి, ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాను. చెవి జేబులో ఉండాల్సిందే, ఎవరైనా తెలియక తిప్పితే మన వేళ్ళు ఉండవు. వెనక పలక ఎత్తి, ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన ఉండే వీడ్ హ్యాచ్ అనే కంత మూత విప్పితే కింద కాలువ నీళ్ళే. భుజం దాకా చెయ్యి దించి తడమాలి, ఏమీ కనపడదు. మొదట మెత్తటి గుడ్డ తగిలింది, దాని వెనక మెలిపడి బిగిసిన ముద్ద. బ్రెడ్ కోసే పళ్ళ కత్తితో కొయ్యడం, లాగడం, మళ్ళీ కొయ్యడం. పేలికలు పేలికలుగా బయటికొచ్చింది, ముదురాకుపచ్చ జార్జెట్ చీర. ఫాల్ ఇంకా ఊడలేదు, చేతికుట్టు, దగ్గర దగ్గరగా ఎంత పొందిగ్గా కుట్టారో. షాఫ్ట్ చుట్టూ రాపిడి వేడికి దారాలు కరిగి గట్టి కడియంగా అతుక్కుపోయాయి, వాటిని కటింగ్ ప్లేయర్‌తో పెచ్చులుగా ఊడబెరికాను. గట్టు మీద కుక్కతో వెళ్తున్న ఒకాయన నన్నూ చీరనీ మార్చి మార్చి చూసి, "మీదేనా?" అన్నాడు.

సౌత్‌హాల్, బర్మింగ్‌హామ్ వైపు తిరిగే బోటు వాళ్ళకి చీరలు, పూజ కొబ్బరికాయలు కొత్తేం కాదు. మనవాళ్ళకి ఒక్క మాట: ఇది గోదావరి కాదు. పారే నీరు కాదు, కట్టి నిలబెట్టిన నీరు. మీరు దండం పెట్టి వదిలింది వచ్చే నెలకీ దాదాపు అక్కడే ఉంటుంది, ఎవరో ఒకరి ప్రొపెల్లర్ కోసం ఎదురుచూస్తూ. అన్నట్టు, పని అయ్యాక ఆ హ్యాచ్ మూత సరిగ్గా బిగించారో లేదో రెండుసార్లు చూసుకోండి. వదులుగా ఉంటే ప్రొపెల్లర్ తిరగ్గానే నీరు ఇంజిన్ గదిలోకి ఎగదన్నుతుంది. అలా మునిగిన పడవలూ ఉన్నాయి.

ఇంత చేసినా దారి తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. చలికాలంలో నవంబర్ నుంచి మార్చి దాకా మరమ్మతుల కోసం లాకులు మూస్తారు. వేసవిలో నీళ్ళు చాలకపోతే మళ్ళీ మూత. వెడల్పు లాకు ఒక్కసారి వాడితే సుమారు 2.5 లక్షల లీటర్లు కిందికి పోతాయి, పైనున్న రిజర్వాయర్లు ఎండితే ఎవరేం చేస్తారు? 2025 వేసవిలో లీడ్స్–లివర్‌పూల్, మాకిల్స్‌ఫీల్డ్, పీక్ ఫారెస్ట్ కాలువల్లో అదే జరిగింది. అంతకు ముందు ఆ జనవరి 1నే మాంచెస్టర్ దగ్గర బ్రిడ్జ్‌వాటర్ కాలువకి వరదల్లో గండి పడింది. గండి అవతల ఉన్న పడవకి చుట్టుదారి లేదు. ఎక్కడున్నది అక్కడే.

ఇంకా కొనాలనే ఉంటే ఫిబ్రవరిలో ఎక్కడైనా ఒక వారం పడవ అద్దెకి తీసుకోండి. జూలైలో తీసుకుంటే ఎవరికైనా నచ్చుతుంది. వచ్చే వసంతంలో మా పడవని డాక్‌లోకి ఎక్కిస్తున్నాం. రెండు మూడేళ్ళకోసారి పాచి గీకి, జెట్ వాష్ చేసి, అడుగంతా నల్ల బిటుమెన్ పూయాలి, తుప్పుని తమ మీదికి తీసుకునే మెగ్నీషియం దిమ్మలు అరిగిపోతే మార్చాలి. ఉత్సాహం ఉన్నవాళ్ళు ఆ శని, ఆదివారాలు రండి, రోలర్ నేనే ఇస్తాను. పాత బట్టలు వేసుకోండి, బిటుమెన్ అంటితే వదలదు. మధ్యాహ్నం పులిహోర, ఆవకాయ నా పూచీ. బాత్రూమ్ మాత్రం డాక్ వాళ్ళది వాడుకోండి, మా పెట్టె నింపకండి.