ఎక్కడ ఆపేశారు?

మియాపూర్ మెట్రో బయల్దేరే స్టేషన్ కాబట్టి, పొద్దున ఎనిమిదింటికి ఎక్కినా నాకు సీటు దొరుకుతుంది. ఆఫీసు నాంపల్లిలో. అరగంట పైన కదలకుండా కూర్చునే యోగం ఉంది కదా అని బ్యాగులో ఎప్పుడూ ఒక పుస్తకం పెట్టుకుంటాను. పెట్టుకోవడం వేరు, చదవడం వేరు. పాప పదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవిలో ఒకరోజు కూర్చుని లెక్క చూసుకుంటే, ఆరేళ్ళుగా ఒక్క తెలుగు నవల కూడా చివరిదాకా చదవలేదని తేలింది.

పుస్తకాలు లేక కాదు. ప్రతి డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్‌కి వెళ్ళడం, రెండు సంచులు మోసుకు రావడం మామూలే. తప్పక చదవాల్సిన పుస్తకాలంటూ ఎవరో ఒకరు జాబితా ఇస్తారు. ఎవరు ఇచ్చినా అందులో అవే ఇరవై పేర్లు. అవన్నీ కొన్నాను. ‘వేయిపడగలు’ అయితే రెండుసార్లు కొన్నాను, మొదటిది ఇంట్లో ఉన్న సంగతి మర్చిపోయి. రెండు కాపీల్లోనూ నూరో పేజీ దాటలేదు. పి.వి. నరసింహారావుగారు అంత రాజకీయం మధ్య ఆ నవలని హిందీలోకి ‘సహస్రఫణ్’ అని అనువాదం చేసేశారు. నేను ఖాళీగా కూర్చుని తెలుగులో చదవలేకపోయాను.

మాది చీరాల. పక్కనే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం అంత గ్రంథాలయం ఉన్నా, దాని గడప తొక్కకుండా మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో పెరిగిన దాన్ని. రోజుకి అర్ధరూపాయి. ఆ షాపాయన నా మొహం చూసి పుస్తకం తీసేవాడు. “ఇది నీకొద్దులే, మీ అమ్మకి పట్టుకెళ్ళు, నీకు ఇదిగో ఇదీ” అనేవాడు. నేను పోగొట్టుకుంది చదివే అలవాటు కాదు, ఆ షాపాయన్ని. ఈ ముక్క అప్పట్లో నాకు తట్టలేదు. ఫోన్ వల్ల ఏకాగ్రత పోయిందని, వయసు మీద పడుతోందని, అందరూ చెప్పుకునే కారణాలే నేనూ చెప్పుకునేదాన్ని.

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఒక పెద్దాయన ఉంటారు. బెజవాడ ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు ఊళ్ళవారీగా వేరుచేసే సార్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను బాబాయిగారు అంటాను. ఒకరోజు లిఫ్ట్‌లో నా చేతిలో పుస్తకం చూసి, “బాగుందా అమ్మాయ్?” అని అడిగారు. చాలా బాగుందండీ అన్నాను.

“మరి మూడు వారాల నుంచీ ఆ బస్సు టికెట్టు అక్కడే ఉందేం?”

పేజీ గుర్తుకి పెట్టుకున్న పాత టికెట్టు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. ఎన్నో పేజీ దగ్గరుందో కూడా చూసినట్టున్నారు, ముప్ఫై ఏళ్ళు ఉత్తరాల మీద పిన్‌కోడ్లు చూసిన కళ్ళు కదా. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వి, “నచ్చకపోతే ఆపెయ్యి. కానీ ఎక్కడ ఆపావో రాసిపెట్టు” అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి ఒక నోట్‌బుక్ చూపించారు. బడిపిల్లల లాంగ్ నోట్‌బుక్కే, నీలం అట్ట. లోపల స్కేలు పెట్టి ఎర్ర ఇంకుతో గళ్ళు గీశారు. తేదీ, పుస్తకం, ఎవరిది, ఎవరు తీసుకున్నారు, తిరిగి వచ్చిన తేదీ. ఆఖరి గడి మిగతా వాటికి రెండింతలు వెడల్పు. దాని మీద ‘ఎక్కడ ఆపేశారు, ఎందుకు’ అని ఉంది. అప్పటికి ఆ పుస్తకంలో రాసింది ముగ్గురే. బాబాయిగారు, మొదటి అంతస్తులో ఉండే ల్యాబ్ టెక్నీషియన్ అక్క, రెండో అంతస్తులో అద్దెకుండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. నేను నాలుగోదాన్ని.

షరతులు ఎక్కువ లేవు. సొంత పుస్తకమే ఇవ్వాలి, అరువు తెచ్చినది ఇంకొకరికి ఇవ్వకూడదు. పదిహేను రోజులు గడువు. కథ చెప్పకూడదు. పూర్తి చేస్తే ఏమీ రాయక్కర్లేదు. ఆపేస్తే మాత్రం పేజీ నంబరు, ఒక్క వాక్యం కారణం రాసి తీరాలి. గొప్ప పుస్తకమైనా సరే, ఎవరూ మొహం చిట్లించకూడదు. ఈ చివరి షరతు నాకు మొదట వింతగా అనిపించింది.

నేను ఇచ్చిన తొలి పుస్తకం గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, ల్యాబ్ అక్కకి. నాలుగోరోజుకే తిరిగొచ్చింది. ఆఖరి గడిలో ఇలా ఉంది: “పే. 31. పొద్దున్నుంచీ రోగుల్ని చూసి ఇంటికొచ్చాక ఇంకో రోగి ఎందుకమ్మా?”

నాకు కోపం వచ్చింది. తెలుగులో మనసు లోపలి కథ రాసిన తొలి నవలల్లో ఒకటి, దాన్ని పట్టుకుని ఇంత మాటా! రాత్రి పడుకున్నాక మాత్రం సిగ్గేసింది. ఆమె పొద్దున ఆరింటికి డ్యూటీకి వెళ్ళి రక్తాలు, కఫాలు పరీక్ష చేసి వస్తుంది. ఆ పుస్తకం ఎంచినప్పుడు నేను ఆమె గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నేను చదివిన పెద్ద పుస్తకం ఆమెకి తెలియాలి, అంతే నా ఉద్దేశం.

మర్నాడు వెళ్ళి అడిగాను, “అక్కా, మీరు చివరిదాకా చదివిన పుస్తకం ఆఖరుగా ఏది?” అని. కాస్త మొహమాటపడి యద్దనపూడి ‘సెక్రటరీ’ అంది. ఇంటర్ చదివేటప్పుడు మూడుసార్లు చదివిందట. ఈమెకి ఆరడుగుల హీరోల కథలు ఇష్టం కాబోలు అనుకున్నాను, నోరు జారలేదు అదృష్టం. అందులో ఏం నచ్చిందని అడిగితే ఆమె హీరో ఊసే ఎత్తలేదు. “జయంతి ఉద్యోగం చేసుకుంటుంది. బాస్ అయినా సరే, మాట పడదు” అంది.

అప్పుడు డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ ఇచ్చాను. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా మొదలైన నవల. అందులో ఇందిర అని ఒకమ్మాయి ఉంటుంది, ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ ఉంటుంది. షరతు ప్రకారం ఇంతకన్నా చెప్పలేదు. మూడోరోజు రాత్రి పదింటికి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే అక్క. నైటీ మీద చున్నీ, చేతిలో పుస్తకం.

“ఈ ఇందిరని అందరూ అలా అంటారేమిటి? అదేం తప్పు చేసింది?”

పదకొండున్నర దాకా మా వంటింటి గట్టు మీద కూర్చుని ఇందిర తరఫున వాదించింది. నేను అందులోని ఇంకో అమ్మాయి కల్యాణి పక్షం, ఊరికే అక్కని రెచ్చగొట్టడానికి. రచయిత్రి నిజంగానే డాక్టరని చెప్తే, “అదీ సంగతి, మనిషిని అలా చూడ్డం వీళ్ళకే వస్తుంది” అని గర్వపడింది, ఏదో తన డిపార్ట్‌మెంట్ మనిషైనట్టు. ఇంకేం నవలలు రాసిందని అడిగింది. నవల ఇదొక్కటేనని, 1961లోనే చిన్న వయసులో పోయిందని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఈ నవలే ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా అయిందంటే మాత్రం నమ్మలేదు. టీవీలో ఆ సినిమా ఎన్నోసార్లు చూసిందట, అందులో ఈ ఇందిర ఎక్కడుందో తనకి తెలియలేదంది. నిజమే, నాకూ సరిగా కనిపించలేదు.

అప్పటి నుంచి ఎవరికైనా పుస్తకం ఇచ్చేముందు మంచి పుస్తకమేనా అని ఆలోచించడం మానేశాను. నోట్‌బుక్ తీసి ఆ మనిషి ఎక్కడెక్కడ ఆపేశారో చూస్తాను. మెచ్చుకోలు మాటలన్నీ ఒకేలా ఉంటాయి, ‘బాగుంది’, ‘ఏడిపించాడు’, ‘వదలకుండా చదివించింది’. ఆపేసిన కారణాలు మాత్రం ఎవరివి వాళ్ళవే. కుర్రాడు ‘పే. 12, వర్షం వర్ణన మూడు పేజీలా?’ అని రాశాడంటే వాడికి ఏమివ్వకూడదో తెలిసిపోయింది. నావి చూసుకుంటే ఐదింటిలో నాలుగు నలభై, అరవై పేజీల మధ్య ఆగాయి, పాత్రలు ఎక్కువైపోయి పేర్లు కలిసిపోయిన చోట. ఏకాగ్రత పోలేదు, మెట్రోలో ముక్కలు ముక్కలుగా చదవడం వల్ల పేర్లు గుర్తుండట్లేదు. మందు కూడా బాబాయిగారే చెప్పారు. పుస్తకంలో ఒక చీటీ పెట్టుకుని వచ్చిన మనిషి పేరు, వరస రాసుకోమన్నారు. ఇప్పుడు నేను చదివే ప్రతి పుస్తకంలోనూ ఒక పెళ్ళి చదివింపుల లిస్టులాంటిది ఉంటుంది.

కుర్రాడిది మదనపల్లె దగ్గర పల్లెటూరు. నాకు నామిని ‘మిట్టూరోడి కథలు’ ఇచ్చాడు. మా వైపు తెలుగుకి అలవాటుపడ్డ కంటికి చిత్తూరు యాస పేజీ మీద గులకరాళ్ళలా తగిలింది. తొమ్మిదో పేజీలో ఆపేసి ‘భాష అందడం లేదు’ అని నిజాయితీగా రాసేశాను. అది చూసి వాడు ఆదివారం సాయంత్రం టెర్రస్ మీద బట్టలు తీసుకుంటున్న నా దగ్గరికి వచ్చాడు. “కంటితో కాదక్కా, నోటితో సదవాల” అని అక్కడే నీళ్ళ ట్యాంకు కింద కూర్చుని రెండు పేజీలు పైకి చదివాడు. చదువుతూ చదువుతూ వాడి ఆఫీసు తెలుగు కరిగిపోయి గొంతే మారిపోయింది. నవ్వాపుకోలేక చేతిలో దుప్పటి కింద పడేశాను. ఇంటికి వెళ్ళాక మిగతాది వాడి గొంతులో వినుకుంటూ చదివాను. తొమ్మిదో పేజీ మాటని కొట్టెయ్యమంటే బాబాయిగారు ఒప్పుకోలేదు. “రికార్డు రికార్డే” అన్నారు.

అన్నీ బాగానే జరిగాయని కాదు. బాబాయిగారి దగ్గర బాపు బొమ్మలున్న ‘అమరావతి కథలు’ పాత ప్రతి ఉండేది. నూరు కథలూ బొమ్మలతో సహా, వెనక అట్ట మీద ఆయన కొన్న తేదీ. పక్క బ్లాకులో ఒకావిడ తీసుకెళ్ళింది, ఆమె ఈ బృందంలో లేదు, నేనే పూచీ పడ్డాను. గడువు దాటింది. రెండుసార్లు అడిగితే అత్తగారు చదువుతున్నారంది. మూడోసారి వెళ్తే ఇల్లు ఖాళీ, టులెట్ బోర్డు. ఫోన్ ఎత్తదు. బాబాయిగారికి ఎలా చెప్పాలో తెలియక రెండురోజులు మెట్లు వాడాను, లిఫ్ట్‌లో కనిపిస్తారేమోనని. చివరికి చెప్తే ఆయన “పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః” అన్నారు. మధ్యలో మాట తీసేసి చదవండి బాబాయిగారూ, పుస్తకానికీ డబ్బుకీ మధ్య మేమెందుకు అన్నాను. నవ్వారు గానీ, ఆ రోజు నోట్‌బుక్‌లో తిరిగి వచ్చిన తేదీ గడిలో గీత గీస్తున్నప్పుడు స్కేలు రెండుసార్లు జారింది.

ఆ ప్రతి కోసమే ఆబిడ్స్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆదివారం షాపుల షట్టర్లు మూసి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంట్ మీద పుస్తకాలు పరుస్తారు. పది గంటలకల్లా వెళ్తే మంచివి దొరుకుతాయి. ఇంజినీరింగ్ గైడ్లు, ఇంగ్లిష్ నవలలు గుట్టలుగా ఉంటాయి, తెలుగు ఎక్కడో అడుగున. వంగి వంగి నడుము పట్టేస్తుంది. అమరావతి పాత ప్రతి దొరకలేదు. కొత్త ముద్రణ కొని ఇచ్చాను, ఆయన తీసుకున్నారు, కానీ అది ఇది కాదు కదా.

దాని బదులు అక్కడ రెండు పాత ‘కథ’ సంకలనాలు దొరికాయి. 1990 నుంచి కథాసాహితి ఏడాదికొకటి వేస్తున్నవి. కొత్త రచయితల్ని వెతుక్కోవడానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలియదు. పది పన్నెండు కథల్లో మూడు నచ్చుతాయి, ఆ ముగ్గురి సొంత సంపుటాలు వెతుక్కుంటాను. కథకులు కాళీపట్నం రామారావుగారు, అదే కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం వాళ్ళు పాత కథల్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, రచయిత పేరు కొడితే వరసగా వస్తాయి. సంపుటం కొనేముందు అక్కడ రెండు కథలు రుచి చూస్తే డబ్బు మిగులుతుంది.

డిసెంబరులో బుక్ ఫెయిర్‌కి నలుగురం కలిసే వెళ్ళాం. ఎవరికి వాళ్ళు కాకుండా పక్కవాళ్ళ కోసం కొనాలని నియమం, చీటీలు తీశాం. నాకోసం కొనాల్సింది బాబాయిగారు. స్టాళ్ళన్నీ తిరిగి డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ తెచ్చారు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు రాసినది. “ఒక ముసలాయన, ఒక పంది, ఒక అడవి. పేర్లు రాసుకోవక్కర్లేదు” అని నా చేతిలో పెట్టారు. సార్టర్ అంటే అదీ. పోతూ ఒకరోజు, వస్తూ ఒకరోజు, రెండు ప్రయాణాల్లో అయిపోయింది.

బాబాయిగారి పేరు నాకు వచ్చింది. నాకేమో భయం. నోట్‌బుక్ మొత్తం వెతికినా ఆయన ఆఖరి గడి ఒక్కటీ నిండలేదు. అన్నీ చదివేస్తారా, లేక మా మనసు నొచ్చుకుంటుందని దాచేస్తారా? ఆధారం లేకుండా ఎంచడం కష్టం. ఈమధ్య వచ్చిన ఒక నవల, అందరూ మెచ్చుకుంటున్నది, కొనిచ్చాను. పేరు చెప్పను.

సంక్రాంతి వెళ్ళాక నోట్‌బుక్ నా వంతు వచ్చింది. ఆయన వరుసలో ఎర్ర ఇంకు కాదు, పెన్సిలు. అక్షరాలు చిన్నవి చేసి రాశారు.

“పే. 48. అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు. అమ్మాయి ఏమీ అనుకోకూడదు.”

పెన్ను తీసి ఆ పెన్సిలు గీతల మీదే దిద్ది, లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కి నాలుగో అంతస్తుకి వెళ్ళాను. పతంజలి ‘వీరబొబ్బిలి’ పట్టుకుని.