పాత వయొలిన్‌కి విలువ కట్టించాను: నా అనుభవం

ఎట్టకేలకు మా పాత వయొలిన్‌కి విలువ రాసిచ్చిన కాగితం చేతికొచ్చింది. ఫొటోలు, కొలతలు ఒక పూటలో అయిపోయాయి, వాటి గురించి చెప్పేదేం లేదు. ఒళ్లు మండిందల్లా మొదట చూపించిన వ్యాపారి దగ్గరే.

మా వయొలిన్ అంచు వెంట రెండు వరసల పర్ఫ్లింగ్ (అంచు పొడవునా గీతలా కనిపించే సన్నటి పట్టీ), మధ్యలో ముత్యపు చిప్ప ముక్కలు. లోపల స్ట్రాడివేరియస్ అని లేబుల్, అంటే ఇటలీకి చెందిన పేరుమోసిన వయొలిన్ తయారీదారు స్ట్రాడివరీ చేసిందని. ఆ వ్యాపారి పై పలకలో ఉండే ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి ఆ లేబుల్ ఒక్కటే చూసి, నలుగురి ముందూ పకపకా నవ్వి, "రోజూ ఎవరో ఒకరు ఇదే పట్టుకొస్తారండీ, కోట్లు వచ్చిపడతాయని" అన్నాడు. నేనసలు లేబుల్ ఊసే ఎత్తలేదు! అలాంటి లేబుల్ ఫ్యాక్టరీ వయొలిన్లలో వేలకొద్దీ ఉంటుందని నాకూ తెలుసు. నేనడిగింది అంచు గురించి. "అది పెయింటు" అని తీసిపారేసి, కాసేపటికే "పోనీ నాకిచ్చేయండి, ఎంతో కొంత ఇస్తాను" అన్నాడు. ఉత్త పెయింటైతే అంత మనసెందుకు పడిందో! కొనాలనుకునేవాడి చేత మాత్రం విలువ కట్టించకండి.

తర్వాత వయొలిన్లు రిపేరు చేసే ఒకావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ లేబుల్ జోలికే పోలేదు. అరిగిన మూల మీద భూతద్దం పెట్టి నన్నే చూడమన్నారు. నలుపు, తెలుపు, నలుపు, మూడు సన్నటి చెక్క పట్టీలు గాడిలో కూర్చుని ఉన్నాయి. పైన వార్నిష్ పోయినా గీత అలాగే ఉంది, అదే పెయింటైతే అరిగిన చోట గీత కూడా చెరిగిపోయేది. అంచున పుట్టిన చీలిక పలకలోకి పాకకుండా ఆపడానికే ఈ పట్టీలట, అందం తర్వాతి సంగతి. నాకు ప్రాణం లేచొచ్చింది.

రెండు వరసలంటే ఇటలీలోని బ్రెషాకి చెందిన పాతకాలపు వయొలిన్ తయారీదారు మజ్జీని పేరు చెప్తారు గానీ, 19వ శతాబ్దంలో ఆ పద్ధతిని అనుకరించి చేసినవి కోకొల్లలు. స్ట్రాడివరీ అలంకరించినవి, 1679 నాటి హెలియర్ అనే వయొలిన్ లాంటివి, చాలా కొద్ది. వాటి అంచుల్లో ఉండేది ఏనుగు దంతం, మాదానిలోలా ముత్యపు చిప్ప కాదు. లోపలికి చిన్న అద్దం, లైటు పెట్టి చూస్తే మూలల్లో బలం కోసం అతికించే చెక్క దిమ్మలు లేవు. చెక్కపనీ ఇదీ కలిపి చూసి, జర్మనీలోని మార్క్‌నోయికిర్షెన్ వైపు టోకున చేసిన వయొలిన్ అని ఆవిడ తేల్చారు. అలంకారం వల్ల పెద్దగా ధర పెరగదు, చీలికలు లేకపోవడం, మంచి నాదం, వీటికే విలువ అన్నారు.

ఇన్సూరెన్స్ విలువ, అమ్మితే వచ్చే విలువ ఒకటి కావు, రెండూ వేరుగా రాయించుకోండి. అంచులో దంతపు ముక్కలుంటే దేశం దాటించేముందు సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ సంగతి కనుక్కోండి, లేకపోతే కస్టమ్స్‌లో ఆపేస్తారు.