ఒక్క చెంబు నీళ్ళు

తడ స్టేషన్ దాటాక బోర్డుల మీద లిపి మారిపోతుంది. చిన్నప్పుడు గూడూరులో రైలెక్కింది మొదలు మా ధ్యాసంతా ఆ బోర్డు మీదే. అరవ అక్షరాలు కనబడ్డాయంటే మద్రాసు వచ్చేసినట్టే లెక్క. మొన్న మే నెలలో మా అమ్మాయికి చూపిద్దామనుకున్నాను. అది ఫోన్లోంచి తలెత్తేలోగా తడ వెనక్కి వెళ్ళిపోయింది.

పిన్నీ వాళ్ళిల్లు ట్రిప్లికేన్‌లో, పార్థసారథి గుడికి దగ్గర్లో. 1980ల చివర్లో ఏటా వేసవి సెలవులకు ఆరుగురం పిల్లలం అక్కడ దిగేవాళ్ళం. మనకింకా రోహిణి కార్తె రాకముందే, మే మొదటి వారంలోనే అక్కడ కత్తిరి వెయిల్, అంటే అరవవాళ్ళ మండుటెండల కాలం, మొదలయ్యేది. పగలు గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి మళ్ళితే కిటికీ తెర లోపలికి ఉబ్బేది. "గాలి తిరిగింది, లేవండి" అనేది పిన్ని. కొన్ని రోజులు సాయంత్రం దాకా తిరిగేది కాదు. ఆ రోజుల్లో మేం ఆ తెరను చూసినంత శ్రద్ధగా ఏ పుస్తకమూ చూడలేదు.

బీచికి నడిచే పోయేవాళ్ళం. దారిలో ఐస్‌హౌస్. అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన మంచు గడ్డలు దాచడానికి 1842లో కట్టారని బాబాయి చెప్పేవాడు. లోపల ఇంకా మంచు ఉంటుందని నమ్మి, నేనూ మా తమ్ముడూ ఆ గోడకు చెంప ఆనించి చూశాం. పెనంలా కాలింది. 1897లో వివేకానందుడు బస చేసిన ఇల్లు అదేనన్న సంగతి మాకప్పుడు పట్టలేదు.

తర్వాత ఇసుక. ఎంత నడిచినా నీళ్ళు రావే! మెరీనాలో లోపలికి గుంజే ప్రవాహం ఉంటుందని బాబాయి మమ్మల్ని మోకాలి లోతు దాటనిచ్చేవాడు కాదు. పిన్ని మాత్రం అసలు నీళ్ళ దాకానే వచ్చేది కాదు. పన్నెండు చెప్పులూ చుట్టూ పెట్టుకుని ఇసుకలోనే కూర్చునేది. తేంగా మాంగా పట్టాణి సుండల్, అంటే కొబ్బరీ మామిడీ కలిపిన బఠాణీ గుగ్గిళ్ళ పొట్లాలు కూడా ఆమె దగ్గరే. తడి చేతుల్తో తీసుకుంటే కాగితం చిరిగేది, బఠాణీలు ఇసుకపాలయ్యేవి, తిట్లు మొదలయ్యేవి.

అసలు తిట్లు ఇంటి దగ్గర. గుమ్మం ముందు వరసగా నిలబెట్టి తలా ఒక్క చెంబు. అంతే. ఇసుక పోయినా పోకపోయినా రెండోది లేదు. అప్పట్లో ఆ వీధిలో లారీ వస్తేనే నీళ్ళు. అర్ధరాత్రి హారన్ వినబడితే మిద్దె మీద పడుకున్న పెద్దవాళ్ళు బిందెలతో పరుగెత్తేవాళ్ళు. మా జిల్లా కండలేరు మీదుగా కృష్ణా నీళ్ళు మద్రాసుకు నీళ్ళిచ్చే పూండి జలాశయానికి చేరేసరికి 1996 వచ్చింది. అప్పటికి మేం సెలవులకు రావడం మానేశాం.

ఆ ఇల్లిప్పుడు లేదు, ఫ్లాట్లు లేచాయి. పిన్నికి మోకాళ్ళు పోయి చక్రాల కుర్చీ. 2022లో మెరీనా ఇసుక మీద చెక్కబాట వేశారు, కుర్చీతోనే సముద్రం దగ్గర దాకా పోవచ్చని మా కజిన్ చెబితే సాయంత్రం బయల్దేరాం. 263 మీటర్లు. నేను తోస్తున్నాను, చెక్కల మీద చక్రాలు టకటకమంటున్నాయి. చిన్నప్పటి వీధులన్నీ ఇరుకైపోయినట్టనిపించాయి గానీ ఆ ఇసుక మాత్రం అంతే ఉంది.

బాట చివరికొచ్చాక ఇంకా కాస్త దూరం మిగిలింది. పిన్ని మాట్లాడకుండా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. మా అమ్మాయి ఫోన్ నా చేతిలో పెట్టి, మంచినీళ్ళ సీసా ఖాళీ చేసి పరుగెత్తింది. నురగతో సహా నింపుకొచ్చి అమ్మమ్మ పాదాల మీద మెల్లగా పోసింది. పిన్ని కాలి వేళ్ళు ముడుచుకుని, విప్పుకుని, మళ్ళీ ముడుచుకుంది.

"మంచినీళ్ళు పారబోశావేమే?" అంది దాన్ని. తర్వాత నావైపు తిరిగి, "ఈ ఉప్పు కడుక్కోవాలిగా. ఇంటికెళ్ళాక ఒక్క చెంబే, చెబుతున్నా."