వేరు దులిపితే రాలని మట్టి

మూడు చోట్ల పండిన అశ్వగంధ వేళ్లను పక్కపక్కన పెడితే కంటికే తేడా తెలిసిపోయింది. ఎర్రనేల వేరు లావుగా తిన్నగా దిగింది. నల్లరేగడిది పంగలు పంగలుగా చీలింది. ఇసుక నేలది సన్నగా, పొడుగ్గా ఉంది. విత్తనం మాత్రం ఒకటే, ఒకే సంచిలోంచి పంచాం. పరీక్ష చేయిస్తే వేళ్లలో వితనోలైడ్లు (అశ్వగంధలో మందుగా పనిచేసే ముఖ్య పదార్థాలు) కూడా మూడింట్లో మూడు రకాలుగా తేలాయి. ఈ తేడాలో వేరు చుట్టూ ఉండే బ్యాక్టీరియా పాత్ర ఎంత? నా పరిశోధన అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే.

మందు మొక్కకు నేల ముఖ్యమన్న మాట పాతదే. ఆయుర్వేదం భూమిని జాంగలం (పొడి నేల), ఆనూపం (నీటి తడి నేల), సాధారణం (రెండిటికీ మధ్యస్థం) అని విడదీసింది. చైనా వైద్యంలో ఫలానా ప్రాంతపు మూలికే అసలైనదని చెప్పడానికి 'దావొదీ' అనే మాటే ఉంది. వేరును అంటి ఉండే మట్టికి రైజోస్ఫియర్ అని 1904లో పేరు పెట్టింది లోరెంజ్ హిల్ట్‌నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త. వేరు అక్కడికి చక్కెరలు, ఆమ్లాలు వదులుతుంది, వాటి కోసం బ్యాక్టీరియా మూగుతాయి. కొన్ని భాస్వరాన్ని కరిగించి ఇస్తాయి, కొన్ని మొక్క రక్షణ వ్యవస్థను తట్టి లేపుతాయి. మనం మందుగా వాడుకునే పదార్థాల్లో చాలావాటిని మొక్క తన రక్షణ కోసమే తయారుచేసుకుంటుంది. అందుకే ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మొదటి విడత మట్టి మొత్తం పారబోయాల్సి వచ్చింది. వేరుతో పాటు వచ్చిన పెళ్లలన్నీ సంచిలో వేసుకుని, ఐస్ లేకుండా ఒక రాత్రి ఉంచేశాను. దాంతో మామూలు మట్టీ వేరు మట్టీ కలిసిపోయాయి. పైగా వెచ్చగా ఉంటే రాత్రికి రాత్రే కొన్ని జాతులు పెరిగి మిగతావాటిని మించిపోతాయి. రెండోసారి వేరును గట్టిగా దులిపి, రాలిందంతా వదిలేసి, ఇంకా అంటుకుని ఉన్న ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల పొరను బఫర్ ద్రావణంలో కడిగి తీశాను. ఒక్కో మొక్కకు దక్కేది చిటికెడు. ఆ చిటికెడు కోసం మొక్కకు అరగంట పట్టేది.

డీఎన్‌ఏ తీయడం దగ్గర నల్లరేగడి ఏడిపించింది. ట్యూబులో ద్రవం తేటగా ఉండాల్సింది పోయి తుప్పు నీళ్ల రంగులో వచ్చింది. అది కుళ్లిన ఆకులూ అలమల నుంచి మట్టిలో చేరే హ్యూమిక్ ఆమ్లాల రంగు. అవి ఉంటే, డీఎన్‌ఏ ముక్కను లెక్కలేనన్ని కాపీలుగా పెంచే పీసీఆర్ నడవదు. ఎర్రనేల, ఇసుక నేల నమూనాలకు డీఎన్‌ఏ పెరిగిందని చూపే గీతలు జెల్‌లో మెరుస్తుంటే నల్లరేగడి వరస మొత్తం చీకటి. వారం రోజులు అదే టెన్షన్. చివరికి డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి, పీసీఆర్‌లో బీఎస్‌ఏ అనే ప్రొటీన్ కలిపితే 460 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవు దగ్గర గీత కనబడింది. ఆ ఫొటో ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో అతికించి ఉంది.

డీఎన్‌ఏ అక్షరాల వరసను చదివే సీక్వెన్సింగ్ ఫలితాలు వచ్చాక, వేరు ముక్కలు కలిసిన నమూనాల్లో మొక్క మైటోకాండ్రియా, ప్లాస్టిడ్ల వరసలు బోలెడు తేలాయి. వాటి పూర్వీకులూ బ్యాక్టీరియానే కాబట్టి బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువును వెతికే ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వాటినీ పట్టుకుంటాయి. వాటిని తీసేసి, నమూనాకు ఒక చుక్క చొప్పున, బ్యాక్టీరియా పోలిక ఉన్నవి దగ్గరగా వచ్చేలా గ్రాఫ్ గీస్తే చుక్కలు మూడు గుంపులుగా విడిపోయాయి. ఏ గుంపు ఏ నేలదో పేరు చూడకుండానే చెప్పొచ్చు. సంబరంగా మా గైడ్ మేడమ్ గారి దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆమె చాలాసేపు చూశారు. "బాగుంది. అవే చుక్కలకు పీహెచ్ ప్రకారం రంగులు వేసి తీసుకురా," అన్నారు.

పీహెచ్ అంటే నేల ఎంత ఆమ్లమో ఎంత క్షారమో చెప్పే కొలత. వేశాను. తక్కువ పీహెచ్ నుంచి ఎక్కువకు వరసగా, అవే మూడు గుంపులు. నేల బ్యాక్టీరియా వైవిధ్యాన్ని అన్నిటికంటే బాగా పట్టి చూపేది పీహెచ్ అని ఫియరర్, జాక్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 98 మట్టి నమూనాలతో 2006లోనే చూపించారు. నేను చదివిందే, అయినా నా గ్రాఫ్ ముందు గుర్తు రాలేదు. నేల బ్యాక్టీరియానూ మారుస్తుంది, వేరునూ మారుస్తుంది. రెండూ కలిసి మారినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని మార్చిందని అనలేం.

అందుకే కుండీలు పెట్టాం. అన్నిటికీ ఒకే మట్టి. 121 డిగ్రీల దగ్గర గంటసేపు ఉడికించి, ఒక రోజు ఆగి, మొలకెత్తిన బీజాణువులు చావాలని మళ్లీ ఉడికించాం. అందులో ఒక్కో ప్రాంతపు పచ్చి మట్టి పదో వంతు కలిపాం. పక్క కుండీల్లో అదే మట్టిని ఉడికించి కలిపాం. పోషకాలు దాదాపు ఒకటే, తేడా అంతా సూక్ష్మజీవుల్లోనే. అన్నిటికంటే నాకు నచ్చిన పని ఇదే. నా ప్రశ్నను సూటిగా అడిగింది ఇక్కడే.

పంట తీసి చూస్తే, పచ్చి మట్టి కలిపిన కుండీల్లో వేళ్లు బరువుగా వచ్చాయి, ఇసుక నేల మట్టితో మరీను. వితనోలైడ్లలోనూ తేడా ఉంది గానీ, పొలాల్లో చూసినంత లేదు. సూక్ష్మజీవుల వాటా ఉంది, కానీ మొత్తం తేడా వాటిది కాదని థీసిస్‌లో అలాగే రాశాను. పచ్చి మట్టితో పాటు శిలీంధ్రాలూ వచ్చి ఉంటాయి కదా. వాటిని విడదీయడానికి, ఇసుక నేల వేళ్ల నుంచి పెంచిన బ్యాక్టీరియాను మాత్రమే పోసిన కుండీలు ఇప్పుడు కిటికీ పక్కన ఉన్నాయి. నిన్నటికి నాలుగేసి ఆకులు వేశాయి.